ఇంటర్వెల్ దగ్గర ఆగిన సినిమా

చెప్పు ఒక్కటే దొరికింది.

నీలం రంగు రబ్బరు చెప్పు. ఎడమ కాలిది. ఏడేళ్ళ పిల్లాడి సైజు. చర్చి నుంచి మిరపకాయల కళ్ళానికి పోయే డొంకలో, చిల్లచెట్టు కింద పడి ఉంది.

ఎస్సై మహిమ దాన్ని తిప్పి చూసింది. పట్టీ తెగలేదు. చుట్టుపక్కల ఈడ్చుకుపోయిన గుర్తు లేదు.

"మా వాడిదేనండి," అంది రుక్సానా. రాత్రంతా పేరు పెట్టి పిలిచి పిలిచి ఆమె గొంతు పోయింది. మాట గాలిలా వస్తోంది. "పండక్కి కొన్నాను. వచ్చే ఏడు కూడా వస్తాయని పెద్ద సైజు కొన్నాను. పరిగెత్తితే జారిపోతాయని రోజూ ఏడుస్తాడు."

"జారిపోయుంటే పరిగెత్తినట్టు. పరిగెత్తితే మట్టి లేచుండాలి," అంది మహిమ, తనలో తను అనుకుంటున్నట్టు.

రుక్సానా ఆ చెప్పు ఇవ్వమని చెయ్యి చాపింది. అది సాక్ష్యం. ఇవ్వకూడదు. మహిమ ఇచ్చింది.

పిల్లాడి పేరు ముబీన్. నిన్న సాయంత్రం నాలుగింటికి చర్చిలో సెలవుల బడి వదిలారు. బడి చర్చి వాళ్ళదే అయినా ఊళ్ళో పిల్లలందరూ పోతారు. పాటలు నేర్పిస్తారు, ఆటలు ఆడిస్తారు, పోయేటప్పుడు బిస్కెట్ పొట్లం చేతిలో పెడతారు. ముబీన్ కూడా పోయాడు. ఇంటికి రాలేదు. తండ్రి అమానుల్లా లారీ మీద గుంటూరు యార్డుకు కాయలు తోలుకుపోయాడు. కబురు తెలిసి తిరుగు దారిలో ఉన్నాడు.

ఇప్పుడు ఉదయం తొమ్మిది. రోహిణి కార్తె. అప్పుడే నేల మీద కాలు పెట్టలేకపోతున్నారు.

కళ్ళంలో నిన్న సాయంత్రమే వెతికారు. పిల్లాడు మిరపకాయల రాశి మీద ఎక్కి ఆడుతూ లోపలికి జారిపోయాడేమోనని ఎవరో అన్నారు. అంతే. కాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళందరూ పట్టలు లాగేసి రెండు చేతులతో రాశులు తవ్వారు. మిరప ఘాటు, కోరు లేచి కళ్ళు కనపడలేదు. తుమ్ములు, దగ్గులు. రుక్సానా ముక్కుకు కొంగు కూడా కట్టుకోలేదు. ప్రతి రాశి అడుగుకూ పోయింది. రాశి కింద నేల కనపడితే ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ వెంటనే ఏడ్చింది. ఇక్కడ లేడు, మరెక్కడ?

జాగిలాన్ని తెచ్చారు. అది కళ్ళం అంచు దాకా వచ్చి, కోరుకు తుమ్మి, ముక్కు నేలకు రాసుకుని వెనక్కి తిరిగింది. ఇంక ముందుకు రాలేదు.

మహిమకు ఐదేళ్ళ కూతురుంది. గుంటూరు బ్రాడీపేటలో అమ్మమ్మ దగ్గర ఉంటోంది. పొద్దున్నుంచి మహిమ రెండుసార్లు ఫోన్ చేసింది. "పిల్లని బయటికి పంపకు" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఈ ఊళ్ళో, రాళ్ళపాలెంలో, తల్లులందరూ అదే చేశారు. నిన్న చీకటి పడేలోపు పిల్లల్ని ఇళ్ళల్లోకి తోసి గొళ్ళేలు వేశారు.

*

"మేడమ్, ఐస్ బండి అతన్ని పట్టుకున్నారు," అన్నాడు కానిస్టేబుల్ నాగూర్ వలి.

రచ్చబండ దగ్గర ఇరవై మంది ఉన్నారు. మధ్యలో హయాత్. కనిగిరి నుంచి మోపెడ్ మీద ఐస్ పెట్టె కట్టుకుని ఊరూరా తిరుగుతాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఎవరి ఫోన్లోనో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ ఒక వీడియో తిరుగుతోంది. అందులో ఉన్న మనిషికీ హయాత్‌కీ పోలికే లేదు. అయినా చూపిస్తున్నారు.

"పక్కకు జరగండి," అంది మహిమ. "హయాత్, నిన్న ఎన్నింటికి వచ్చావు?"

"ఐదు దాటుంటదండి."

"ముబీన్ కనపడ్డాడా?"

"లేదండి. మిగతా పిల్లలు వచ్చారు. ఏడుగురు. ఎప్పుడూ కొట్టుకుంటారు నాకంటే నాకని. నిన్న అందరూ కలిసి ఒక్క ఐస్ కొన్నారు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. అదీ తినలేదు. స్టీలు గ్లాసులో వేయించుకుని, మీద చెయ్యి మూసుకుని పోయారు. ఏందర్రా, ఎవరికి అంటే ఒక్కడు మాట్లాడలా. ఆ ఆడపిల్ల నాకు సెల్యూట్ కొట్టి పోయింది."

"ఏ ఆడపిల్ల?"

"ఫిలిప్ మాస్టారి అమ్మాయి. క్రిస్టీనా."

మహిమ అతని వంక చూసింది. మే ఎండలో ఏడుగురు పిల్లలు ఒక్క ఐస్. తినలేదు.

"ఇతన్ని మన జీపులో కూర్చోబెట్టు," అంది నాగూర్ వలితో. "అరెస్టు కాదు. ఇక్కడుంటే కొడతారు."

*

పిల్లల్ని చర్చికి పిలిపించింది. ఒక్కొక్కరినీ తల్లి చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఒక్క తల్లీ చెయ్యి వదల్లేదు.

ఏడుగురు. బల్ల మీద వరసగా కూర్చున్నారు. వీపులు నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద. ఈ వయసు పిల్లలు అట్లా కూర్చోరు. మహిమకు ఎందుకో భయమేసింది.

"ముబీన్ ఎక్కడున్నాడో మీకు తెలుసా?"

ఎవరూ మాట్లాడలేదు.

"బడి వదిలాక మీతోనే వచ్చాడా?"

ఏడు జతల కళ్ళూ ఎదురు గోడ మీదే ఉన్నాయి.

చివర కూర్చున్న కుర్రాడి తండ్రి ముందుకొచ్చాడు. "ఒరేయ్, చెప్పరా." చెంప మీద కొట్టాడు. కుర్రాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ గడ్డం పైకెత్తాడు. పెదాలు బిగించాడు. మిగతా ఆరుగురూ వాడి వంక గొప్పగా చూశారు.

రెండో దెబ్బ పడకుండా మహిమ ఆ తండ్రి చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?" అని అడిగి బిస్కెట్ పొట్లాలు పంచింది.

ఒక్కరూ విప్పలేదు. ఏడు పొట్లాలూ ఏడు జేబుల్లోకి పోయాయి.

క్రిస్టీనాకు పదేళ్ళు. పక్కన తల్లి రెబ్కా నిలబడి ఉంది. మహిమ ఆమెను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

"రాత్రి పాప ఎట్లా ఉంది?"

"నిద్రపోలేదండి. నీళ్ళు నీళ్ళు అంది. సీసాతో ఇచ్చాను. తాగలా. దిండు పక్కన పెట్టుకుంది. అర్ధరాత్రి చూస్తే తలుపు గొళ్ళెం లాగుతోంది. ఎక్కడికే అంటే నోరు తెరవదు. తిట్టి తాళం వేశాను." రెబ్కా కూతురి వంక చూసింది. "ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారంటిరి గదండీ. వెయ్యనా మరి?"

"నేనైనా వేస్తాను," అంది మహిమ.

వెనక్కి వచ్చి క్రిస్టీనా జడ పక్కకు తీసి చూసింది. చెవి వెనక నల్లగా ఉంది. వేలితో తుడిచింది. మసి. పక్క పిల్లాడి చెవి వెనకా మసే. మొహాలు కడుక్కున్నారు. చెవుల వెనక కడుక్కోలేదు.

"మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా రెబ్కా?"

"గ్యాసేనండి. ఊళ్ళో అందరికీ గ్యాసే. చలికాలం నీళ్ళకి వెలిగిస్తాం. ఈ ఎండల్లో వేడి నీళ్ళు ఎవరు పోసుకుంటారు?"

*

ఫిలిప్ మాస్టారు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సెలవుల బడి నడిపేది ఆయనే. మెత్తని మనిషి. రాత్రంతా టార్చి పట్టుకుని వెతికిన వాళ్ళలో ఆయనా ఉన్నాడు.

"మాస్టారూ, మీ బడిలో ఈ మధ్య పిల్లలకు ఏం నేర్పించారు?"

"పాటలు, వాక్యాలు. ఒక సినిమా కూడా చూపించానండి."

"ఏం సినిమా?"

"'బడి వెనక కందకం' అని పాత తెలుగు సినిమా. నలుపు తెలుపు. ఎవరికీ తెలియదు. అప్పట్లో ఒంగోల్లో నాలుగు రోజులు కూడా ఆడలేదని మా నాన్న చెప్పేవాడు. ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. నేను చూసేటప్పటికి దాన్ని యాభై మంది కూడా చూడలేదు. యుద్ధం రోజుల్లో పిల్లల కథ. ఈ నెల మొదట్లో సరిహద్దులో యుద్ధం వార్తలకు మనవాళ్ళందరూ టీవీల ముందే గదండీ. పిల్లలు ఎప్పుడూ కాల్చడాలు, బాంబులు. వాళ్ళ మనసులు మారుతాయని చూపించాను."

"కథ చెప్పండి."

"పెద్దవాళ్ళు రేడియో విని మాట్లాడుకునే మాటలు విని పిల్లలు సైన్యం పెట్టుకుంటారు. మొహాలకు మసి పూసుకుంటారు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన దర్జీ కొడుకును గూఢచారి అని పట్టుకుంటారు. చెప్పులు విప్పించి నడిపించుకుపోయి, బడి వెనక తవ్విన కందకంలో దించి పైన తడికె కప్పుతారు. నాయకుడి నాన్న కొడతాడు, చెప్పమని. వాడు చెప్పడు. అప్పుడు వెనక డప్పులు మోగుతాయి. అక్కడ ఇంటర్వెల్."

మహిమ బల్ల మీద ఉన్న ఏడుగురి వైపు తిరిగింది.

"తర్వాత?"

"తర్వాతే గదండీ అసలు సినిమా. రాత్రి వాన పడుద్ది..."

"పిల్లలు అది చూశారా?"

ఫిలిప్ నోరు తెరిచి ఆగిపోయాడు.

"మాస్టారూ. చూశారా?"

"ఇంటర్వెల్ దగ్గర కరెంటు పోయిందండి." ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "మర్నాడు మిగతాది వేద్దామంటే చిన్నపిల్లలు బోరన్నారు. పాటలు మొదలుపెట్టేశాను."

*

"నాగూర్ వలీ, ఇక్కడ మసి ఎక్కడ దొరుకుద్ది?"

నాగూర్ వలి ఆలోచించాడు. "పొగాకు బ్యారన్లలో మేడమ్. పొయ్యి మూతి దగ్గర గుప్పెళ్ళకొద్దీ ఉంటది."

ఊరి చుట్టూ ఇరవై దాకా ఉన్నాయి. పొగాకు ఆకు కాల్చే ఇటుక గదులు. ముగ్గురు మనుషుల ఎత్తు, పైన రేకు. ఆ పని అయిపోయి నెలలయింది. అన్నీ ఖాళీ.

"నిన్న అటు పోయారు గదా?"

"పోయాం మేడమ్. ప్రతి దాని దగ్గరా పేరు పెట్టి పిలిచాం. ఒక్క పలుకు లేదు. తలుపులన్నిటికీ బయట తాళాలున్నాయి. పిల్లోడు లోపలికి పోయి బయట తాళం ఎట్టా వేసుకుంటాడు?"

"వేసుకోడు. ఎవరో వేశారు. అన్ని తాళాలూ తీయించండి. రైతులు లేకపోతే పగలగొట్టండి."

"కొన్ని మూడు కిలోమీటర్ల అవతల ఉన్నాయి మేడమ్. ఇరవై తిరగాలంటే..."

ఇద్దరూ గుమ్మంలోంచి బయటికి చూశారు. ఎండ తెల్లగా మండుతోంది. రేకు కప్పిన ఇటుక గది. గాలి లేదు. పదిన్నర కావస్తోంది. రాత్రి బతికినా, పన్నెండు దాటితే?

"మీరు బయల్దేరండి," అంది మహిమ. "ఏదో ఒకటి చెప్పిస్తాను."

కొట్టి చెప్పించడం కుదరదు. కొడితే డప్పులు మోగుతాయి. ఆ పిల్లలకు లోపల మోగుతూనే ఉన్నాయి.

ఆమె తన ఫోన్ తీసింది. సినిమా వెతికింది. వీడియో కింది గీతను ముందుకు జరిపి ఇంటర్వెల్ దాటించి, చివరికి దగ్గరగా ఆపింది. బల్ల మీద బైబిలుకు ఆనించి ఫోన్ నిలబెట్టింది. ఏడుగురినీ దగ్గరికి రమ్మంది.

"ఆ రోజు మీరు సగమే చూశారంట. మిగతాది చూడండి."

తెర మీద రాత్రి. వాన. నాయకుడు పిల్లాడు పక్కలో పడుకుని ఉన్నాడు. చూరు నీళ్ళు కారుతున్నాయి. వాడు లేచి కూర్చున్నాడు. తల్లి పడుకోరా అంది. పడుకున్నాడు. మళ్ళీ లేచాడు. ఈసారి డప్పుల్లేవు. వాన చప్పుడు ఒక్కటే.

వాడు పరిగెత్తాడు. చేతిలో లాంతరు. బడి వెనక్కి తిరిగాడు. కందకం నిండా నీళ్ళు. తడికె ఒక పక్కకు తేలిపోతోంది. దాని పక్కన చిన్న టోపీ.

తలుపు దగ్గర రుక్సానా నిలబడి చూస్తోంది. ఆమె ఎప్పుడొచ్చిందో మహిమ చూడలేదు. చేతిలో నీలం చెప్పు.

చిన్న కుర్రాడు ఒకడు వెక్కడం మొదలుపెట్టాడు. క్రిస్టీనా కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. చెయ్యి మాత్రం జేబులోకి పోయింది. బిస్కెట్ పొట్లం నలిగిన చప్పుడు వినపడింది.

"వానకు చచ్చిపోయాడా?" అంది.

మహిమ ఫోన్ ఆపింది.

"ఇక్కడ వాన పడలేదు గదా," అంది క్రిస్టీనా. తర్వాత తల్లి వంక తిరిగింది. మొహం ఒక్కసారిగా చిన్నపిల్ల మొహం అయిపోయింది. "అమ్మా, వాడి దగ్గర నీళ్ళు లేవు. నేను రాత్రి తీసుకుపోదామనుకున్నా. నువ్వు తలుపు తీయలేదు."

"ఎక్కడమ్మా?" అంది మహిమ.

"బాపయ్య తాత బ్యారన్. రెండోది. మేం గడియ పెట్టలేదు. తలుపు దగ్గరికి వేశామంతే. దేవుడి తోడు."

*

బాపయ్య కళ్ళంలోనే ఉన్నాడు. మాట వినగానే చేతిలో తట్ట వదిలేశాడు.

"తాళం వేసింది నేనేనమ్మా. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఖాళీ బ్యారన్లలో దాచిపెడతారంటే, నిన్న పొద్దుగూకేటప్పుడు రెండిటికీ వేశాను. ఎవరైనా ఉన్నారా అని కేకేసే వేశాను." మొలతాడుకు కట్టిన తాళంచెవి ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. మహిమ మొలతాడే పుటుక్కున తెంపేసింది.

జీపులో నాలుగు నిమిషాలు. రుక్సానా జీపు ఆగకముందే దూకింది. పడింది. లేచింది.

ఇనప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. తాళం తీసి లాగగానే లోపలి వేడి మొహానికి కొట్టింది. పొగాకు వాసన. చీకటి. పైనుంచి కింది దాకా ఆకు వేలాడదీసే కర్రలు.

"ముబీన్."

పలుకు లేదు.

"ముబీన్," అంది మహిమ మళ్ళీ.

రుక్సానా పిలవలేదు. నేల మీద పడి చేతులతో వెతుక్కుంటూ పోయింది, రాశులు తవ్వినట్టే. మూలకు పోయింది. ఆగిపోయింది.

పొయ్యి మూతి దగ్గర గోడకు ఒక రంధ్రం ఉంది. బయటి గాలి సన్నగా వస్తుంది. దానికి చెంప ఆనించి పడుకుని ఉన్నాడు ముబీన్. పక్కన ఖాళీ స్టీలు గ్లాసు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. మొహం నిండా మసి.

మహిమ మెడ మీద వేలు పెట్టింది. కొట్టుకుంటోంది. సన్నగా, జోరుగా.

"నీళ్ళు. గుక్కెడు గుక్కెడుగా. అంబులెన్స్ ఎంత దూరంలో ఉంది?"

"పొదిలి దాటింది మేడమ్."

*

పొదిలి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి ఒంట్లో వేడి తగ్గింది. డాక్టర్ గండం గడిచిందన్నాడు. ఇంకో గంట ఆలస్యమైతే అని మొదలుపెట్టి, రుక్సానాను చూసి ఆపేశాడు.

వరండాలో రెబ్కా, ఫిలిప్, బాపయ్య, అమానుల్లా నిలబడ్డారు. హయాత్ కూడా వచ్చాడు. జేబు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఎట్టా పట్టావమ్మా?" అన్నాడు బాపయ్య.

"చెప్పు పట్టీ తెగలేదు, చుట్టూ మట్టి లేవలేదు. అంటే వాడే విప్పాడు. తెలిసినవాళ్ళు విప్పమంటేనే విప్పుతారు. ఐస్ కొని తినని పిల్లలు, బిస్కెట్లు దాచుకునే పిల్లలు. ఎవరికో అన్నం పెట్టాలని చూస్తున్నారు. అంటే వాడు బతికే ఉన్నాడని వాళ్ళకు తెలుసు. మనమే వాళ్ళను పోనివ్వలేదు." మహిమ రెబ్కా వంక చూడలేదు. "ఎత్తుకుపోయినవాడు ఎవడూ లేడు. వాడు వస్తాడని భయపడి మనం ఇళ్ళకు తాళాలు వేశాం, బ్యారన్‌కూ వేశాం."

"నేను పిలిచినప్పుడు పలికి ఉంటే..." బాపయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అది మహిమకూ అర్థం కాలేదు. బాపయ్య కేకేశాడు. కానిస్టేబుళ్ళు పేరు పెట్టి పిలిచారు. రాత్రి రుక్సానా గొంతు పోయేదాకా అరిచింది. ఆ బ్యారన్ పక్కనుంచే పోయింది. పిల్లాడు ఎందుకు పలకలేదు?

లోపలికి వెళ్ళింది. ముబీన్ కళ్ళు తెరిచి ఉన్నాడు. రుక్సానా వాడి పాదం చేతిలో పట్టుకుని కూర్చుంది.

"నాన్నా, అమ్మ పిలిస్తే వినపడిందా?"

తల ఊపాడు.

"మరి పలకలేదేం?"

వాడు తల్లి వంక చూశాడు, కొడుతుందేమోనన్నట్టు. "క్రిస్టీనక్క చెప్పింది. రోజూ నన్నే శత్రువుగా ఉండమంటారు. ఉండకపోతే ఆటలోకి రానియ్యరు. ఎవరు పిలిచినా పలకకుండా తెల్లారిందాకా ఉంటే, రేపటి నుంచి నేను కూడా ఇండియా అంట."

సెలైన్ చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"తెల్లారింది గదమ్మా," అన్నాడు ముబీన్. "నేను పలకలేదు. ఒక్కసారి కూడా."

రుక్సానా ఏదో అనబోయింది. గొంతు రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి. వాడు అర్థం కాక మహిమ వంక తిరిగాడు.

"పోలీసాంటీ, ఇప్పుడు నేను ఇండియానేనా?"